రదెంకో ముక్కు

రదెంకో సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి గట్టిగా ఒక ఊపు ఊపాడు. లోపల బుడగలు లేచి, అంచు చుట్టూ గుండ్రంగా అల్లుకుని, దండ గుచ్చినట్టు నిలబడ్డాయి. ఎంతసేపు చూసినా ఒక్కటీ పగల్లేదు.

"దండ కట్టింది," అన్నాడు ఖాళీ వంటింటితో. "సరుకు గట్టిదే."

ఆ ప్లమ్ తోటల సీమలో సారాకు అదే పరీక్ష. పళ్ళు పులియబెట్టి, రాగి కాగులో కాచి తీసిన రకియాను సీసాలో పోసి ఊపుతారు. బుడగలు దండ కట్టి కాసేపు నిలిస్తే సరుకు మంచిది, టప్పున పగిలిపోతే నీళ్ళది. అలా ఊపి చూసి, వాసన పట్టి, నాలుక మీద ఒక చుక్క వేసుకుని, ఇది ఫలానా తోట పండు అని చెప్పగలిగే మొనగాడు ఆ ఊళ్ళో రదెంకోయే. కాని ఇప్పుడతని చేతిలో ఉన్నది రకియా కాదు, వేప్‌లో, అంటే పొగకు బదులు ఆవిరి పీల్చే కరెంటు సిగరెట్‌లో, పోసుకునే రసం. అందులో సగానికి పైగా గ్లిజరిన్. గ్లిజరిన్‌ను ఎవరు ఊపినా దండ కడుతుంది, పసిపిల్ల ఊపినా కడుతుంది. ఆ మాట అతనికి చెప్పినవాళ్ళు లేకపోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి చెప్పి ఏం లాభం?

రసాన్ని వేప్‌లో నింపి, సిగరెట్ లాగినట్టే గుండెల నిండా ఒక దమ్ము లాగాడు. తర్వాత ఇంకొకటి. మూడోదానికి గొంతు పట్టేసింది. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. చేతులు చల్లబడ్డాయి, వంటిల్లు తిరగలిలా తిరిగింది. గోడ పట్టుకుని ఎలాగో పెరట్లోకి వెళ్ళి, పెళ్ళాం దోబ్రిల వేసి వెళ్ళిన క్యాబేజీ మడి మీద పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

"ఏంట్రా కుమా, క్యాబేజీకి ఎరువేస్తున్నావా?"

కంచె అవతల తిహోమిర్ నిలబడి ఉన్నాడు. రదెంకో పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, రదెంకో కొడుక్కి పేరు పెట్టినవాడు. అలాంటివాణ్ణి కుమ్ అంటారక్కడ. తోడబుట్టినవాడితో మాట్లాడకపోయినా ఫర్వాలేదు గాని, కుమ్‌తో చెడితే ఊళ్ళో తలెత్తుకోలేరు.

"నవ్వకురా. నికోటిన్ ఎక్కువైనట్టుంది."

"ఎక్కువవదా మరి! ఈ వయసులో పాలపీకేంట్రా నీకు?" తిహోమిర్ కంచె దాటొచ్చి, జేబులోంచి పెట్టె తీసి, ఒక సిగరెట్ సగం బయటికి లాగి చూపించాడు. "ఇదిగో, రెండు దమ్ములు లాగు, కళ్ళు తెరుచుకుంటాయి. దోబ్రిలకి చెప్తే ఒట్టు."

రదెంకోకి నోట్లో నీళ్ళూరాయి. కక్కిన నోట్లోనే ఊరాయి, అంత సిగ్గుమాలిన వ్యసనమది. అయినా కుమ్ చేతిని పక్కకు నెట్టేశాడు.

"ఒద్దు. స్లావా నాటికి అది ఇంటికి రావాలి."

సంగతంతా అక్కడే ఉంది. దోబ్రిల వేసవి పొడుగునా దగ్గింది. చాచక్ పట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే పటం దీపానికి అడ్డం పెట్టి చూసి, రోజుకెన్ని కాలుస్తారమ్మా అని అడిగాడు. జన్మలో ఒక్కటీ కాల్చలేదని ఆవిడంటే ఆయన నమ్మలేదు. రెండోసారి అడిగాడు. ఇంటికొచ్చాక ఆవిడ అరవలేదు, ఏడవలేదు. బట్టలు సర్దుకుని చాచక్‌లోనే ఉన్న చెల్లెలు యాగోద ఇంటికి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి ఒక్క మాటే చెప్పింది.

"స్లావాకి వస్తానయ్యా. మన ఇలవేల్పు పండగ, నువ్వు పిలవకపోయినా వస్తాను. ఇంట్లో సిగరెట్ కంపు లేకపోతే ఉంటాను. ఉంటే, దీపం వెలిగించి, రొట్టె కోసి, వచ్చినవాళ్ళకి వడ్డించి, అదే కార్లో మళ్ళీ వెళ్ళిపోతాను. ఇక అడగొద్దు నన్ను."

ఆవిడ ఉత్తినే అనే మనిషి కాదు. నలుగురు ఏమన్నా నవ్వుకుని ఊరుకునే మనిషి ఒకసారి అన్నదంటే అన్నట్టే.

మానడానికి రదెంకో చేయని ప్రయత్నం లేదు. ఒంటికి నికోటిన్ పట్టీలు అతికించుకున్నాడు, దురద పుట్టింది. పొద్దుతిరుగుడు గింజలు నమిలాడు, పళ్ళు నొప్పి పుట్టాయి. చివరికి వేప్ కొన్నాడు. దాంట్లో పోసే రసం దుకాణంలో ఏది చూసినా స్ట్రాబెర్రీ, పుచ్చకాయ, బబుల్‌గమ్. పిల్లల పళ్ళపొడి పీల్చుతున్నట్టుండేది. రోజంతా అది పీల్చి, సాయంత్రానికి కోడిగూటి చాటున ఒక సిగరెట్ వెలిగించేవాడు. అలా కాదని ఒకనాడు చాచక్ బస్సెక్కి, దుకాణంలో నెవెన అనే అమ్మాయి బల్ల మీద గుద్దినంత పని చేశాడు.

"మొగాడు పీల్చే రుచి ఏదీ లేదా మీ దగ్గర?"

"అలా అయితే మీరే కలుపుకోండి తాతా, చాలామంది ఇంట్లోనే కలుపుకుంటున్నారు," అంది నెవెన.

"తాత ఎవరు నీకు?"

"సరే, బాబాయ్."

ఆ అమ్మాయి వరసగా సీసాలు పెట్టింది. గ్లిజరిన్ కలిసిన చిక్కటి బేస్ ఒకటి, నికోటిన్ ఉన్నది ఒకటి, ఎండు ప్లమ్ వాసనది ఒకటి, పొగాకు వాసనది ఒకటి. ఆ పక్కన చిన్న కాటా. ఏది ఎంత పోయాలో చెబుతూ, వాసనది మరీ తక్కువ వేయాలని, కలిపాక చీకట్లో పెట్టి రెండు మూడు వారాలు ముట్టుకోకూడదని, నికోటిన్ సీసా పట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలని ఒకటికి రెండుసార్లు చెప్పింది. రదెంకో సీసాలు సంచిలో వేసుకుని కాటాను వెనక్కి నెట్టాడు.

"అమ్మాయ్, నేను మూడు తరాల సారా బట్టీ మనిషిని. నా కన్నే కాటా, నా ముక్కే కొలత. దండ కట్టిందో లేదో చూసి చెప్పేస్తాను."

"ఇది దండ కడుతూనే ఉంటుంది బాబాయ్, దానికి అర్థం లేదు," అన్న మాట అతను తలుపు దాటాక వెనకనుంచి వినిపించింది. విని కూడా వినిపించుకోలేదు.

ఆ వినిపించుకోకపోవడమే పెరట్లో క్యాబేజీ మీద పడింది.

రెండోసారి కలిపినప్పుడు బుద్ధి తెచ్చుకుని నికోటిన్ తగ్గించాడు, అదీ కంటి అంచనాతోనే. ఈసారి తల తిరగలేదు. కాని రుచీ లేదు, వాసనా లేదు, వెచ్చటి ఆవిరి తాగినట్టుంది. ప్లమ్ వాసన ఇంకో నాలుగు చుక్కలు వేశాడు. ఏమీ లేదు. పది వేశాడు. ఏమీ లేదు. ఆ పిల్ల రంగునీళ్ళు అంటగట్టిందని తిట్టుకుంటూ సీసాలో మిగిలినదంతా కుమ్మరించాడు. అప్పుడు నాలుక మీద ఏదో సబ్బు నాకినట్టు అనిపించింది గాని, ప్లమ్ మాత్రం కాదు. ఇంట్లో సారా కాచే పండు వాసనే తనకు పట్టుబడకపోవడమేమిటని అతనికి ఒళ్ళు మండిపోయింది. సీసాలు, సిరంజిలు, మూతలు వంటింటి బల్ల నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. దోబ్రిల చూస్తే బల్ల మీద ఇంత జిడ్డు ఏమిటని అడిగేది. అడగడానికి ఆవిడ లేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

అప్పుడే తిహోమిర్ ముక్కు మూసుకుంటూ లోపలికొచ్చాడు.

"ఒరేయ్, మీ గేటు దాకా కొడుతోంది కంపు. ఎవరింట్లోనో అత్తరు సీసా పగిలిందనుకున్నా."

"అత్తరేంటి? దీనికి వాసనే లేదు. ఆ దుకాణం పిల్ల నన్ను ముంచింది."

"వాసన లేదా?" తిహోమిర్ సీసా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, పాము కరిచినట్టు వెనక్కి జరిగాడు. "ఒరే కుమా, దీన్ని శవానికి పూస్తే శవం లేచి పరిగెడుతుందిరా!"

"నీ ముక్కు చెడింది."

"నా ముక్కా? ఎవరి ముక్కు చెడిందో ఊరంతటికీ తెలుసు."

అని నాలుక కరుచుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. రదెంకో చేతిలో సిరంజి బల్ల మీద పెట్టాడు.

"ఏం తెలుసు?"

"ఏం లేదులే. ఒదిలెయ్."

"కుమా, నా ఇలవేల్పు మీద ఒట్టు, చెప్పకుండా గడప దాటావో..."

తిహోమిర్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నిరుటి సారా. దాని ముందటేడుది కూడా. మొదటి ధార విషం, ఆ కంపు పోయేదాకా తీసి పారబొయ్యాలా ఒద్దా? నువ్వు సగం కూడా తియ్యలేదురా. ఆడాళ్ళ గోళ్ళరంగు తాగినట్టే ఉంది."

"నువ్వు తాగావు. ఈ బల్ల దగ్గరే కూచుని తాగావు. నాలుక చప్పరించావు."

"చప్పరించా. తర్వాత ఇంటి వెనక్కెళ్ళి దురదగొండి పొదల్లో ఊసొచ్చా."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్తాన్రా? నీ పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డది నేనేనాయె. నీ ముక్కు పోయిందని నీకు చెప్పేది కూడా నేనేనా?" తిహోమిర్ గొంతు పెంచాడు. తప్పు చేసినవాడు గొంతు పెంచినట్టే ఉంది. "ఈమధ్య కాగు దగ్గరికి నిన్నెవరూ పిలవట్లేదు, చూశావా లేదా?"

చూశాడు. అందరూ సారా ఘాటు కొలిచే గాజుగొట్టాలు కొనుక్కుని ఉంటారని, కొత్తొక వింత అని, తనలో తనే నవ్వుకున్నాడు. ఊళ్ళో జాలిపడి పిలవడం మానేశారని అతనికి తట్టలేదు.

"లే," అన్నాడు.

"కుమా..."

"లేచి ఇంటికి పో."

తిహోమిర్ వెళ్ళిపోయాక రదెంకో సీసాలన్నీ ఒక బకెట్‌లోకి ఊడ్చి నేలమాళిగలోకి విసిరేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అతనికి ఉన్న నాలుక ఎప్పుడో ఊడిందని ఇప్పుడు తెలిసింది. అలాగే, కోటు కూడా వేసుకోకుండా, ఊరి మధ్యనున్న దుకాణానికి నడిచి తన పాత రకం సిగరెట్ పెట్టె కొన్నాడు. అగ్గిపెట్టె కూడా కొన్నాడు. దుకాణం ఆవిడ, దోబ్రిల ఎలా ఉందన్నయ్యా అని అడుగుతుంటే చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాడు.

సిగరెట్ ఎక్కడ కాల్చినా ఒకటేననిపించి నేలమాళిగలో కూర్చున్నాడు. ఎదురుగా మల్బరీ చెక్క పీపా. తన సారా, తన చేత్తో కాచింది. ఒక సిగరెట్ పెదాల మధ్య పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీసే ముందు, తిహోమిర్ అబద్ధాలకోరని తేల్చుకోవడానికి పీపా బిరడా తీసి వంగి వాసన చూశాడు.

ఏమీ లేదు. ప్లమ్ లేదు, చెక్క లేదు. ముక్కు లోపల కొంచెం చురుక్కుమంది, అంతే. గట్టిగా పీల్చాడు. ఇంకా వంగి, ముక్కు కన్నంలో దూర్చినంత పని చేసి పీల్చాడు. నాన్న చనిపోయిన ఏడాది కాచిన సారా ఆ పీపా అడుగున ఇంకా కాస్త ఉంది, దాని వాసన చిన్నప్పటినుంచి ఎరుగును. అది కూడా రాలేదు.

పెదాల మధ్య సిగరెట్ తీసి పెట్టెలో పెట్టేశాడు. గొప్ప మనసుతో కాదు, నిజం చెప్పాలంటే భయంతో. పెట్టెను పీపా మీద వదిలేసి, కళ్ళు తుడుచుకుని పైకొచ్చాడు. దోబ్రిల వెళ్ళిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదతనికి.

మర్నాడు మళ్ళీ చాచక్ బస్సు. దుకాణం ముందు కాసేపు అటూ ఇటూ తిరిగి, లోపల ఎవరూ లేరని చూసుకుని దూరాడు.

"ఆ కాటా ఉందా ఇంకా?" అన్నాడు, ఎవరి కోసమో అడిగినట్టు.

నెవెన నవ్వు ఆపుకుంది, అది అతనికి కనిపించింది. "ఉంది బాబాయ్. దండ కట్టలేదా?"

"కట్టింది. నేనే కట్టుబడలేదు. రుచి తెలియట్లేదు నాకు."

"ఏళ్ళ తరబడి కాల్చినవాళ్ళకి అంతే. రుచి తెలియట్లేదని వాసన ఇంకా పోస్తారు, అప్పుడది సబ్బులా అవుతుంది. మీరు కొన్నాళ్ళు నాలుక మాట వినకండి, కాటా మాట వినండి. వాసన లేకుండా ఒకటి కలుపుకుని పీల్చుకోండి. ప్లమ్ వేసింది ఇంకొకటి కలిపి చీకట్లో పడేసి మర్చిపోండి."

"మర్చిపోవడమేంటి? నాకు ఇప్పుడు కావాలి."

"మీ సారా కాచిన రోజే తాగేస్తారా?"

పీపాలో ఏళ్ళకేళ్ళు పెడతారు. పెట్టకుండా తాగేవాణ్ణి చూసి ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరంతా నవ్వుతుంది. ఆ మాటకు రదెంకోకి ఆ పిల్ల మీద కోపమొచ్చింది. కాటాకు, కొత్త సీసాలకు, తొడుగులకు డబ్బిచ్చి, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా బయటికొచ్చేశాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ అతనికి విసుగే. కాటా మీద సీసా పెట్టడం, చుక్క ఎక్కువైతే మళ్ళీ మొదటినుంచి కలపడం, లావుపాటి వేళ్ళకు తొడుగులు చిరిగిపోవడం, తొడుగుల చేత్తో సిరంజి జారిపోవడం. కాటా బల్ల మీద ఈగ వాలినా అంకె మారేది. నికోటిన్ మట్టుకు సరిపోయింది, ఎక్కిళ్ళు రాలేదు, తల తిరగలేదు. కాని రుచీ పచీ లేని ఆ ఆవిరి పీలుస్తుంటే ఖాళీ గిన్నె నాకుతున్నట్టే ఉండేది. నేలమాళిగలో సిగరెట్ పెట్టె ఉందని ప్రతి పూటా గుర్తొచ్చేది. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళాడు. రెండోసారి సగం మెట్లు దిగాడు కూడా. వెనక్కి ఎక్కొచ్చి గోడను గుద్దాడు, పిడికిలి వాచింది. ప్లమ్ సీసా అలమరలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. దానివంక చూస్తే ఒళ్ళు మండేది.

ప్లమ్ పళ్ళు పులిసి కాగు ఎక్కించే రోజులొచ్చాయి. రదెంకో ఒక పొద్దున తిహోమిర్ గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే అరిచాడు.

"ఒరేయ్, కాగు ఎక్కిస్తున్నా. మొదటి ధార నువ్వొచ్చి చూడు."

తిహోమిర్ చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. ఎందుకని అడగలేదు. కాగు గొట్టంలోంచి సారా సన్నగా కారుతుంటే వేలితో పట్టి వాసన చూసి, ఇంకా, ఇంకా, ఇప్పుడు చాలు అని చెప్పాడు. రదెంకో గిన్నె మార్చాడు. తన కాగు దగ్గర ఇంకొకరు చెప్పగా తాను గిన్నె మార్చడమనే అవమానం అతనికి ఆ రోజంతా గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అయినా మార్చాడు.

ఇంకొన్నాళ్ళకు, చలి ముదిరిన ఒక పొద్దున, నిద్రలేస్తూనే ఏదో కుళ్ళు కంపు కొట్టింది. ఎలుక చచ్చిందనుకున్నాడు. మంచం కింద చూశాడు, పొయ్యి వెనక చూశాడు. ఎక్కడికెళ్ళినా ఉంది. కర్టెన్ దగ్గర ఎక్కువ, సోఫా దగ్గర ఇంకా ఎక్కువ. కర్టెన్ పట్టుకుని ముఖానికి ఆనించుకుంటే తడిసిన బూడిద, పాచిపట్టిన మసి. అప్పుడు తెలిసింది, అది ఎలుక కాదు, తనే. ఇన్నేళ్ళ తన సిగరెట్లు.

ముక్కు తిరిగొచ్చిందన్న సంతోషం రాలేదు. రావలసిందేగాని రాలేదు. ఉన్న ఇల్లంతా వాసన చూసుకుంటూ తిరిగి, చివరికి దోబ్రిల అలమర తెరిచాడు. ఆవిడ తీసుకెళ్ళకుండా వదిలేసిన ఊలు శాలువా ఒకటి ఉంది. ఆవిడ వాసన కాస్తయినా దొరుకుతుందని దాన్ని ముక్కుకు పెట్టుకున్నాడు. దాంట్లోనూ తన సిగరెట్టే. ఉతికి మడత పెట్టి, లావెండర్ పూల మూట పెట్టి దాచుకున్న శాలువాలో కూడా తనే. ఆవిడ ఊపిరి తీసుకున్న ప్రతిసారీ తనను పీల్చింది. ఇన్నేళ్ళ కాపురంలో తన పెళ్ళాం ఒంటి వాసన ఏమిటో తనకు తెలియదన్న సంగతి అతనికి ఆ అలమర ముందు తెలిసింది. చెంప మీద కొట్టినట్టయింది.

ఆ రోజునుంచి రదెంకోకి పిచ్చిపట్టిందని ఊరు అనుకుంది. సారా కాచే రాగి కాగును తోమి, దాంట్లో కర్టెన్లు వేసి పెరట్లో ఉడకబెట్టాడు. దుప్పట్లు, శాలువాలు, టేబుల్ గుడ్డలు, అన్నీ. సోఫాను ముక్కలు కొట్టి పొయ్యిలో పెట్టాడు. గోడలకు సున్నం వేశాడు, ఒక పూత వేస్తే పసుపుపచ్చ మరకలు పైకొచ్చాయి. తిట్టుకుంటూ రెండోది వేశాడు, మళ్ళీ తేలాయి. మూడో పూతకు గాని గోడలు తెల్లబడలేదు.

స్లావా నాడు యాగోద కారు గేటు ముందు ఆగింది. దోబ్రిల చెల్లెలింట్లోనే వండి తెచ్చిన గిన్నెలు ఒక్కొక్కటే దించింది. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన సర్మా, కాల్చిన పంది మాంసం, అలంకరించిన పండగ రొట్టె. గుమ్మంలో ఆగి తలెత్తి గాలి పీల్చింది. రదెంకో పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సున్నం వాసనొస్తోంది," అంది.

"వేశాను."

"సోఫా ఏదయ్యా?"

"పొయ్యిలో."

ఆవిడ గిన్నెలు వంటింట్లోకి మోసుకెళ్ళింది. యాగోద మాత్రం లోపలంతా చుట్టొచ్చి, "ఏంటి బావా, ఇల్లు అమ్మేస్తున్నావా?" అంది.

దీపం వెలిగించారు, ఆచారం ప్రకారం రొట్టె తిప్పి కోసి దానిమీద వైన్ పోశారు. ఆ పండగనాడు ఇంటి యజమాని కూర్చోడు, వచ్చినవాళ్ళకు నిలబడే వడ్డిస్తాడు. గది నిండింది. గ్లాసులు తిరిగాయి. ఈ ఏటి సారా తాగినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నిజంగానే నాలుక చప్పరించారు. భోజనం సగంలో ఉండగా తిహోమిర్ అలవాటు కొద్దీ జేబులోంచి సిగరెట్ తీసి వెలిగించాడు. అతన్ని చూసి మరో ఇద్దరు పెట్టెలు తీశారు. దోబ్రిల వంటింటి తలుపు దగ్గర ప్లేటు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"కుమా," అన్నాడు రదెంకో. "బయట కాల్చు."

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. పండగనాడు అతిథిని, అందులోనూ కుమ్‌ను, చలిలోకి వెళ్ళమనడం ఆ సీమలో ఎవరూ ఎరగరు. తిహోమిర్ పెద్దనాన్న ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఏమన్నావు?" అన్నాడు తిహోమిర్, సిగరెట్ నోట్లోనే ఉంది.

"బయట అన్నాను. ఈ ఇంట్లో ఇక పొగ లేదు. కోపమొస్తే రానీ."

తిహోమిర్ మొహం ఎర్రబడింది. రదెంకోని చూశాడు, తలుపు దగ్గర దోబ్రిలను చూశాడు. తర్వాత సిగరెట్‌ను ప్లేటు అంచుకు నలిపి, టోపీ పెట్టుకుని లేచాడు. మిగతా ఇద్దరూ పెట్టెలు జేబుల్లో దోపుకున్నారు. రదెంకో ఊపిరి పీల్చుకుని, అలమరలోంచి గుడ్డ కింద సీసా తీసి, వంటింటి మూల వేప్‌లో నింపుకున్నాడు.

"అదీ బయటే," అంది దోబ్రిల వెనకనుంచి.

చూరు కింద చలిలో ఇద్దరూ నిలబడ్డారు. రదెంకో నేలమాళిగలోకి దిగి, పీపా మీదున్న పెట్టె తెచ్చి తిహోమిర్ చేతిలో పెట్టాడు. అందరి ముందు పరువు తీసినందుకు తిహోమిర్ ఇంకా గుర్రుగానే ఉన్నాడు, అయినా తీసుకున్నాడు. రదెంకో వేప్ లాగి ఆవిరి వదిలాడు. తిహోమిర్ ముక్కు కదిపాడు.

"ఈసారి కంపు లేదురా. ఎండు ప్లమ్‌లా ఉంది, ఉండీ లేనట్టు."

"నాకూ తెలుస్తోంది," అన్నాడు రదెంకో. ఇన్నాళ్ళు ఎదురుచూసిన రుచి అది. తీరా వచ్చాక దానిమీద అతనికి పెద్ద ధ్యాస లేదు. చెవులన్నీ తలుపు వైపే ఉన్నాయి.

చీకటి పడకముందే అతిథులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. యాగోద తన సంచి ఒక్కటే భుజాన వేసుకుని బయటికొచ్చి కారు తలుపు తీసింది.

"బావా, అక్క గిన్నెలు ఇక్కడే ఉంచేస్తానంటోంది. గిన్నెలతో పాటు తనూ. మళ్ళీ దగ్గు వచ్చిందని తెలిసిందా, నిన్ను నీ కాగులోనే వేసి కర్టెన్లలా ఉడకేస్తా, జాగ్రత్త!"

కారు మలుపు తిరిగేదాకా చూసి రదెంకో లోపలికెళ్ళాడు. దోబ్రిల తొట్టి దగ్గర ప్లేట్లు కడుగుతోంది. అతను తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాడు. ఆవిడ ప్లేటు అందిస్తుంటే ఏదో వాసన తగిలింది. సబ్బు, పులిసిన పిండి, వాటి కింద ఇంకేదో, పేరు తెలియనిది, మెత్తనిది.

"ఏం పూసుకున్నావు?" అన్నాడు.

"నేనా? ఏమీ పూసుకోలేదు." ఆవిడ తల తిప్పి చూసింది. "ఎప్పుడు పూసుకున్నానయ్యా నేను?"

రదెంకో ఆ వాసనను మరోసారి మెల్లగా పీల్చుకున్నాడు. ప్లేటు తుడిచి పెట్టి, ఇంకొకదాని కోసం చెయ్యి చాపాడు.